తప్పుల బుధవారం

బడి రోజు 61, సోమవారం

బడిలో ఏం చెప్పానో రోజూ చేత్తో రాసి పెట్టాలని రూలు. రాసింది ఎవరైనా చదవాలన్న రూలు మాత్రం లేదు. పదకొండేళ్ళుగా రాస్తున్నాను, ఒక్కరూ తెరిచి చూసిన పాపాన పోలేదు. కాబట్టి ఇందులో నా కడుపుమంట నేను రాసుకుంటాను.

ఇవాళ కొత్త హుషారు పెట్టె వచ్చింది. పాతది ఉప్పుగాలికి తుప్పు పట్టి చచ్చి, నెల రోజులు నన్ను ప్రశాంతంగా పాఠం చెప్పుకోనిచ్చింది. కొత్తది పాలక్యాను అంత ఉంది. ముందు ఒక కన్ను, పైన ఒక గంట. ఆరు నిమిషాలకోసారి టింగుమంటుంది. టింగుమనగానే చెప్పేది ఎక్కడున్నా ఆపేసి ఆట మార్చాలి. పెట్టెలోంచి పాటో, తోలుబొమ్మో, గాల్లో ఈదే వెలుగు చేపో బయటికి తీయాలి. పిల్లల మనసు ఆరు నిమిషాలకు మించి ఒకచోట నిలవదని హుషారు మండలి పెద్దలు తేల్చారట. వాళ్ళ మనసు నిలవదేమో నాకు తెలీదు. నీళ్ళ మీద తేలే మా ఏడో తెప్ప ఊరి పిల్లలు గాలం వేశారంటే చేప పడేదాకా పూటంతా కదలరు.

పిల్లల మణికట్టుకు పట్టీలు, బల్లల మీద దీపాలు కూడా కొత్తవే. నాడి గబగబా కొట్టుకుని కళ్ళు మెరిస్తే దీపం ఆకుపచ్చ. నెమ్మదిస్తే పసుపు. కునుకు తీస్తే ఎరుపు. సాయంత్రానికి ఆకుపచ్చ ఎంత శాతమో మండలికి పోతుంది. నేను మంచి పంతులమ్మనో కాదో అక్కడ తేలుతుంది.

మధ్యాహ్నం అందరూ పట్టీలు తీయకుండానే చద్దన్నానికి కూర్చున్నారు. ఊరమిరపకాయ కొరికారో లేదో ఇరవై రెండు దీపాలూ ఒక్కసారిగా ఆకుపచ్చ. రోజు మొత్తం మీద నేను చెప్పిన దేనికీ అంత వెలుగు రాలేదు.

బడి రోజు 62, మంగళవారం

మండలి నుంచి సలహా వచ్చింది. నూకాలు దీపం నిన్న పాఠాలన్నిటికీ పసుపే కనక, ఆ పిల్లని పెట్టె కంటికి కనపడకుండా వెనక మూల బెంచీలో కూర్చోబెట్టాలట. కంటికి ఆననివాళ్ళని లెక్కలో కలపరట. నా శాతం పెరుగుతుందట.

నూకాలుకి పదకొండేళ్ళు. దాని అమ్మమ్మ చేపలు ఎండబెట్టి, మిరపకాయలు ఊరబెట్టి అమ్ముతుంది. పిల్ల మహా నిదానం. ప్రశ్న అడిగితే నేల చూస్తుంది, కప్పు చూస్తుంది, మిగతావాళ్ళు ఇంకో మూడు ప్రశ్నలకు జవాబులు అరిచేశాక అప్పుడు మొదటిదానికి చెప్తుంది. చెప్పింది ఎప్పుడూ తప్పు కాదు. ఆలోచించే పిల్ల నాడి పరుగెత్తదని ఆ పెట్టె చేసినవాడికి ఎవరూ చెప్పలేదు కాబోలు.

"ఎనక్కి ఎల్లి కూకోనాండీ?" అని అదే అడిగింది. సలహా కాగితం నా బల్ల మీద చదివేసింది.

"నీకిష్టమైతేనే వెళ్ళు" అన్నాను. వెళ్ళింది. నాకు సిగ్గేసింది. ఇంకా వేస్తూనే ఉంది.

బడి రోజు 63, బుధవారం

బుధవారం నాది. పెట్టెలు రాకముందు నుంచీ నాది. ఆ రోజు పాఠంలో నేను ఒక్క అబద్ధం చెప్తాను. ఎక్కడ చెప్తానో చెప్పను. దాన్ని పట్టుకుని, ఎందుకు అబద్ధమో చేసి చూపించినవాళ్ళ చేతికి నా సుద్దముక్క ఇచ్చేసి, వెళ్ళి వాళ్ళ చోట నేను కూర్చోవాలి. సాయంత్రం దాకా వాళ్ళే పంతులు. దీన్ని పిల్లలు తప్పుల బుధవారం అంటారు. జ్వరం వచ్చినా ఆ ఒక్క రోజు మానరు.

ఇవాళ తాళ్ళ పాఠం. మా నలభై తెప్పలూ కింద మునిగిన ఊళ్ళ స్తంభాలకు తాళ్ళతో కట్టి ఉంటాయి. ఇన్నాళ్ళూ నీరు పెరిగితే తాడు వదలడం, తగ్గితే చుట్టుకోవడం మరలే చూసుకునేవి. ఈ ఏడు మరలన్నీ చెడ్డాయి, కొత్తవి వచ్చేదాకా చేత్తో కట్టుకోండి అన్నారు. మా ఏడో తెప్పవాళ్ళకు ఫర్వాలేదు, సముద్రం తెలిసినవాళ్ళం. మిగతా తెప్పల మీద చాలామంది మెట్టలో నీళ్ళు ఎండిపోయి దిగి వచ్చినవాళ్ళు. ఉప్పెనను వినడమే గాని ఎరగరు. అందుకే తాళ్ళు బడి పాఠంలోకి వచ్చాయి.

ముడులు చూపించాను. స్తంభాలు చూపించాను. అయిదో నిమిషంలో మొహం గంభీరంగా పెట్టి, "ఉప్పెన వస్తుందనగానే తాడు బాగా లాగి పొట్టిగా కట్టెయ్యాలి. కదలని తెప్ప మునగదు" అన్నాను.

పిల్లల మొహాలు చూడాలి! అబద్ధం దాటిపోయిందని తెలుసు, ఏదో తెలీదు. ఒకరినొకరు మోచేతుల్తో పొడుచుకుంటున్నారు. ముందు బెంచీ అప్పలకొండ, దాని గొంతు పదో తెప్పకి వినిపిస్తుంది, పిడికిలి నోట్లో పెట్టుకుని ఊగిపోతోంది. దీపాలన్నీ ఆకుపచ్చ. టింగుమంది. నేను పట్టించుకోలేదు.

తరవాత పదకొండు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. దీపాలు ఒక్కొక్కటే పసుపుకి దిగాయి. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. పంతులు పని అన్నింటిలోకీ కష్టమైనది ఇదే, జవాబు నాలిక చివర ఉంచుకుని నోరు మూసుకోవడం.

నూకాలు వెనక నుంచి లేచి బయటికి వెళ్ళి బకెట్టు తెచ్చింది. అడుగున ఒక రాయి, రాయికి పురికొస, పురికొస కొనకు కొబ్బరి చిప్ప. కొస పొట్టిగా కట్టి చెంబుతో నీళ్ళు పోసింది. చిప్ప లేచింది, కొస బిగిసింది, ఆగింది. నీళ్ళు పెరిగి చిప్ప అంచు మీంచి లోపలికి వెళ్ళాయి. చిప్ప బుడుంగుమంది.

"కదలకపోతేనే ములుగుద్దండీ" అంది నూకాలు. "నీళ్ళు లేత్తే తెప్ప కూడా లేవాలి గదండీ. తాడు లేవనివ్వట్లేదండీ."

మిగతా ఇరవై ఒక్కరూ బకెట్టు మీద పడ్డారు. నేను సుద్దముక్క ఇచ్చేసి వెనక మూల కూర్చున్నాను. ఇలాంటి రోజు కోసమే ఈ ఉద్యోగం చేస్తున్నాను.

బడి రోజు 65, శుక్రవారం

అభినందనలు వచ్చాయి. బుధవారం నాటి నా పాఠంలో ఆరు నిమిషాల ముక్కకు నూటికి తొంభై ఎనిమిది ఆకుపచ్చ వచ్చిందట. తొంభై దాటిన ముక్క దానంతట అదే మేలుబంతి పాఠమై అన్ని బడులకూ నమూనాగా వెళ్ళిపోతుంది. నలభై తెప్పలకూ వెళ్ళిపోయింది. ఇంటిపని కూడా తగిలించారు. నాన్నకు సాయం చేసి, పాఠంలో చెప్పినట్టు తాడు కట్టి, ఫోటో పంపాలి.

చదవగానే బడి తెర ముందుకు పరుగెత్తాను. ఆ ముక్క పెట్టి చూశాను. నేను ముడులు చూపిస్తాను. స్తంభాలు చూపిస్తాను. మొహం గంభీరంగా పెట్టి "కదలని తెప్ప మునగదు" అంటాను. పిల్లలు మెరిసే కళ్ళతో చూస్తారు. టింగ్. అయిపోయింది.

బకెట్టు లేదు. చిప్ప లేదు. నూకాలు లేదు.

బడి రోజు 66, శనివారం

మండలి పర్యవేక్షకుడు భానోజీరావు గారు తెర మీద దొరికేసరికి పొద్దెక్కింది. మంచి మనిషే. అదే నాకు ఇంకా ఒళ్ళు మండించింది.

"కనకరత్నం గారూ! నా సర్వీసులో ఇలాంటి ముక్క చూళ్ళేదండీ."

"అందులో నేను చెప్పింది అబద్ధం అండీ. కావాలని చెప్పాను. పిల్లలు పట్టుకోవాలని. పట్టుకున్న ముక్క మీరు కోసేశారు."

"మేం కొయ్యలేదండీ. గంట కోసింది."

"ఎవరు కోస్తే ఏంటండీ! దాన్ని నమ్మి తాళ్ళు పొట్టిగా కడతారు. వెనక్కి తీసెయ్యండి."

ఆయన కాసేపు కాగితాలు తిప్పారు. "తొంభై దాటింది వెనక్కి తీసే మీట లేదండీ. పెట్టలేదు. మంచి పాఠాన్ని ఎవరు వెనక్కి తీస్తారని అనుకున్నారు. మీరే ఒక సవరణ పాఠం చెప్పండి. తొంభై దాటిందంటే పాతదాన్ని తోసేసి అదే అన్ని తెప్పలకూ వెళ్తుంది."

"నోటి మాటగా ఒక కబురు పంపకూడదా అండీ, నలభై తెప్పలకూ?"

"నోటీసు పంపుతానండీ. ఎవరు చదువుతారో మీకూ తెలుసు, నాకూ తెలుసు" అన్నారు పాపం, నిజం ఒప్పుకుంటూ.

తెర ఆపేశాక చేతిలో ఉన్న గ్లాసు గోడకేసి కొట్టాను. స్టీలు గ్లాసు కనక సొట్టతో పోయింది.

బడి రోజు 67, సోమవారం

వాయుగుండం. శుక్రవారానికి తీరం చేరుతుందట. నీరు రెండు నిలువులు లేవచ్చట.

సవరణ పాఠం చెప్పాను. బకెట్టు, చిప్ప, అన్నీ. ముప్పై ఒక్క శాతం. పిల్లలకు ముందే తెలిసిన సంగతి, కళ్ళెందుకు మెరుస్తాయి?

మళ్ళీ చెప్పాను, పాటతో. నలభై నాలుగు. వెలుగు చేపను గాల్లో తిప్పుతూ, తోలుబొమ్మ చేత మాట్లాడిస్తూ, ఈ వయసులో గెంతుతూ చెప్పాను. యాభై ఎనిమిది. అబద్ధానికి తొంభై ఎనిమిది, నిజానికి యాభై ఎనిమిది.

సాయంత్రం ఇంటిపని ఫోటోలు రావడం మొదలుపెట్టాయి. మేలుబంతి పంతులమ్మను కనక నాకే పంపుతున్నారు. పదమూడు వందల ఫోటోలు. పదమూడు వందల తాళ్ళు, అన్నీ ముద్దుగా, పొట్టిగా, నేను చూపిన ముడితో. ముప్పై ఒకటో తెప్ప నుంచి ఒక పిల్ల, పేరు పైడితల్లి, ముందు పళ్ళు రెండు లేవు, నాన్న పక్కన తాడు పట్టుకుని నవ్వుతోంది. కింద రాసింది: "టీచర్ గారు, మా నాన్న వద్దన్నా నేనే కట్టించాను."

అందరికీ జవాబు రాశాను, తాడు వదలమని. ఇంటిపని మీద పంతులు రాసింది మార్కులతో కలిపి నెలాఖరుకు గాని పిల్లలకు అందదని తెర చెప్పింది. ఎవడు చేశాడండీ ఈ పెట్టెని! వాడికి పిల్లలున్నారా?

బడి రోజు 68, మంగళవారం

బడికి సెలవిచ్చి పడవ కట్టించుకుని ఎనిమిదో తెప్పకి వెళ్ళాను. తెప్ప పెద్ద బంగారయ్య గారు గౌరవంగా కుర్చీ వేశారు.

"తాళ్ళు వదలండి, రెండు నిలువులు" అన్నాను.

"అదేంటమ్మా, మీరే గదా బిగించి కట్టమన్నారు? మా మనవరాలు మీ బొమ్మ చూపించింది."

"నేను అన్నది అబద్ధం."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "పంతులమ్మగారు అబద్ధం చెప్తారేంటమ్మా?"

బకెట్టు అడిగి తెప్పించి, చిప్ప ముంచి చూపించాను. అప్పటికి నమ్మారు. నమ్మేసరికి మధ్యాహ్నం దాటింది. ఎదురు గాలిలో తొమ్మిదో తెప్పకి వెళ్ళేసరికి చీకటి పడుతుందని పడవవాడు వెనక్కి తిప్పాడు. ఒక తెప్పకి ఒక రోజు. ఇంకా ముప్పై ఎనిమిది తెప్పలు, రెండు రోజులు. దారి పొడుగునా ఏడ్చాను, కోపంతోనే.

బడి రోజు 69, బుధవారం

పొద్దున బడి తలుపు తీసేసరికి పిల్లలందరూ వచ్చేసి ఉన్నారు. అప్పలకొండ చేతిలో రేకు డబ్బా. లోపల నూకాలు అమ్మమ్మ ఊరబెట్టిన మిరపకాయలు.

"ఇయ్యి కొరికితే దీపాలు ఎలుగుతాయి గదండీ" అంది. "తలా రెండు. నూకాలు సెప్పుద్ది, మేం కొరుకుతాం."

"అది మోసం అప్పలకొండా."

"మరి ఆల్లది ఏంటండీ?"

పదకొండేళ్ళుగా పిల్లలకు నిజాయితీ నేర్పుతున్నదాన్ని, డబ్బా తీసుకుని నా చేత్తోనే పంచాను.

పాఠం నూకాలు చెప్పడమే సబబు. పాఠం చెప్పేవాళ్ళ దీపం లెక్కకు రాదు. పైగా అది పట్టుకున్న అబద్ధం, దానిదే ఆ పాఠం. కానీ అది నిదానం, టైము ఆరు నిమిషాలు. "తొందరగా చెప్పగలవా అమ్మా?" అన్నాను.

నేల చూసింది, కప్పు చూసింది. "లేదండీ. తొందరగా సెప్తే ఆల్లకి అర్థం కాదండీ" అంది.

పెట్టె కన్ను తెరుచుకుంది. నూకాలు బల్ల మీద బకెట్టు పెట్టింది. రాయి పెట్టింది. కొస కట్టింది. ఒకటిన్నర నిమిషం. ఇరవై ఒక్క మంది మిరపకాయలు నములుతూ, కళ్ళూ ముక్కూ కారుతూ, కదలకుండా చూస్తున్నారు. దీపాలన్నీ ఆకుపచ్చ. చెంబుతో నీళ్ళు పోస్తోంది, పోస్తోంది. నేను కిటికీ దగ్గర నిలబడి చీర కొంగు కొరుకుతున్నాను. నాలుగో నిమిషంలో చిప్ప మునిగింది.

"ఇది మన తెప్ప. పొట్టిగా కట్టాం కదా, ములిగిపోయింది" అంది. వంగి, కొస విప్పి, పొడుగ్గా కట్టింది. మళ్ళీ పోసింది. అప్పలకొండ మొహం కందగడ్డ అయిపోయింది, దగ్గు ఆపుకుంటోంది. దగ్గితే దీపం ఏమవుతుందో ఎవరికీ తెలీదు. చిప్ప లేస్తోంది. అయిదున్నర. బకెట్టు అంచు దాకా లేచింది.

నూకాలు పెట్టె కంటిలోకి చూసింది. "రెండు నిలువులు తాడు వదిలెయ్యండి. ఇయ్యాలే వదిలెయ్యండి."

టింగ్.

నూటికి నూరు. పది నిమిషాల్లో నలభై తెప్పలకూ వెళ్ళింది. పిల్లలు మజ్జిగ కోసం పరుగెత్తారు. నూకాలును పట్టుకుని గట్టిగా ముద్దు పెట్టుకున్నాను. అది బిగుసుకుపోయి నిలబడింది.

బడి రోజు 70

రోజులు సరిగ్గా లెక్కపెట్టలేదు. ఉప్పెన వచ్చింది, వెళ్ళింది. రెండు నిలువుల మీద ఇంకో మూరెడు లేచింది నీరు. బడి కప్పు సగం ఎగిరిపోయింది.

ముప్పై తొమ్మిది తెప్పలు నీటితో లేచి నీటితో దిగాయి.

ముప్పై ఒకటో తెప్ప బడిలో తెర మంగళవారం నుంచీ పనిచెయ్యలేదట. కొత్త పాఠం వాళ్ళకు అందలేదు. తూర్పు వైపు తాళ్ళు పొట్టిగా, నేను చూపిన ముడితో ఉన్నాయి. ఆ వైపు తెప్ప లేవలేదు. తొమ్మిది ఇళ్ళు నీటి కిందికి వెళ్ళాయి. ముగ్గురు పోయారు. మూడు పేర్లలో ఒకటి పైడితల్లి.

ఇవాళ ఇంకేం రాయను.

బడి రోజు 71, మంగళవారం

భానోజీరావు గారు తెర మీదకు వచ్చారు. ముందు చాలాసేపు విచారం చెప్పారు. తరవాత గొంతు సవరించుకున్నారు.

"ఆ నూటికి నూరు ముక్క గురించి మండలి వారు అడుగుతున్నారండీ. అందులో పెట్టెలోంచి మీరు వాడిన సాధనం ఏంటో చెప్తే..."

"మిరపకాయలు" అన్నాను.

"ఏవండీ?"

"ఊరమిరపకాయలు. తలా రెండు. రాసుకోండి."

ఆయన రాసుకున్నారు! వచ్చే నెల పెట్టెలో మిరపకాయల ప్యాకెట్టు వస్తుందని నాకు అనుమానం లేదు. "మీరు చంపారు ఆ పిల్లని. మీ గంట, మీ దీపాలు, మీటలేని మీ యంత్రం" అని అరిచాను. ఆయన తల వంచుకుని అంతా విన్నారు. నాకేం తగ్గలేదు.

బడి రోజు 72, బుధవారం

సగం కప్పు కింద బడి పెట్టాను. పెట్టె కంటికి గుడ్డ కట్టేశాను, వచ్చి అడగమనండి. నూకాలును ముందు బెంచీకి రమ్మన్నాను. వెనకే బాగుందంది.

పాఠం మొదలుపెట్టలేకపోయాను. పిల్లలు ముప్పై ఒకటో తెప్ప సంగతి ఇళ్ళలో విన్నారు. వాళ్ళకు నిజం చెప్పాలనిపించింది. ఏం జరిగిందో మొదటి నుంచీ చెప్పాను. గంట ఎక్కడ కోసిందో చెప్పాను. వెనక్కి తీసే మీట లేదని చెప్పాను. ఫోటోలకు నేను రాసిన జవాబులు ఎక్కడ ఆగిపోయాయో చెప్పాను. చెప్తున్నకొద్దీ కోపం పెరిగి గొంతు లేచింది.

"ఇది పెట్టె చేసినవాళ్ళ తప్పు. మండలి తప్పు. ఆ పిల్ల పోవడంలో నా తప్పు ఏమీ లేదు" అన్నాను.

దీపాలన్నీ పసుపు. చాలాసేపు అలాగే ఉన్నాయి.

వెనక మూల నుంచి నూకాలు నెమ్మదిగా లేచి నిలబడింది. నేల చూసింది, కప్పు లేని చోట ఆకాశం చూసింది.

"ఈ వారం అబద్ధం అదేనాండీ?" అంది.

ఎగతాళికి అనలేదు. దానికి ఎగతాళి రాదు. బుధవారం కనక, పట్టుకోవడం తన పని అనుకుంది. ఇవాళ అబద్ధం చెప్పాలని నేను అనుకోలేదు. చెప్పానని అది అడిగేదాకా నాకు తెలీదు.

సుద్దముక్క తీసుకెళ్ళి నూకాలు చేతిలో పెట్టాను. వెళ్ళి వెనక మూల దాని చోట కూర్చున్నాను.